కువైట్‌లో రెండు శుక్రవారాలు

2025 ఫిబ్రవరి నెలలో కువైట్‌లోని ఒక తెలుగు సహవాసం వారు నన్ను రెండు వారాల కూటములకు ఆహ్వానించారు. పాస్టరు గారు కువైట్ వెళ్తున్నారన్న సంగతి నాకంటే ముందు మా ఊరికి తెలిసిపోయింది. ప్రయాణం వారం రోజులుందనగా మా ఇంటి వరండా పార్సిలాఫీసులా తయారైంది. ఆవకాయ సీసాలు, సున్నుండలు, ఎండు రొయ్యలు, పూతరేకులు, మోకాళ్ల నొప్పుల మాత్రలు, ఒక జత పట్టీలు, పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తల్లి కోసం గీసిన బొమ్మ. విమానం వారు అనుమతించిన బరువు ముప్పై కిలోలు. నా బట్టలు, బైబిలు కలిపి ఏడు కిలోలు. మిగిలిన ఇరవై మూడు కిలోలూ నా సంఘమే.

ఒక ముసలి తల్లి మాత్రం చేతిలో ఏమీ లేకుండా వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, "నా కూతుర్ని ఒక్కసారి తేరిపార చూసి రండి అయ్యగారండి. ఫోనులో లావుగా కనబడతంది. నిజంగానే లావయ్యిందో, ఫోనే అలా చూపిస్తందో నాకు తెలవటం లేదు" అన్నది. సరేనన్నాను. మోసుకెళ్లిన వాటన్నిటిలో ఆ మాటే బరువైనదని అప్పుడు నాకు తెలియలేదు.

మాది కోనసీమ. నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి. అక్కడికి మా పల్లె ఎంతో దూరం కాదు. మా వైపున రాజోలు, ఇవతల పాలకొల్లు, నరసాపురం, అటు కడప వైపున రాజంపేట, రాయచోటి, కోడూరు ప్రాంతాల వారికి కువైట్ గురించి నేను కొత్తగా చెప్పనక్కర లేదు. ఈ పత్రిక చదివే కుటుంబాలలో గోడ మీది ఫోటోలో తప్ప ఇంట్లో కనబడని మనిషి ఒకరైనా ఉన్న ఇళ్లు చాలా ఉంటాయి. మా మందిరంలో తొమ్మిది ఫ్యాన్లుంటే, ఆరింటి రెక్కల మీద దాత పేరు ప్రక్కన "కువైట్" అని ఉంటుంది. వేసవిలో ప్రసంగం సాగినంత సేపు ఆ పేరు మా నెత్తిన తిరుగుతూనే ఉంటుంది. చదవడానికి మాత్రం వీలుపడదు.

హైదరాబాదు విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ వరుసలో నా ముందు పదిహేను మంది స్త్రీలు నిలబడ్డారు. పెట్టెలు కలిసిపోకుండా ఒక్కొక్కరు ఒక్కో రంగు గుడ్డ పీలిక కట్టుకున్నారు. గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నియమం. వారి క్షేమం కోసమే ఆ నియమం పెట్టారు, కాదనను. అయితే మన పల్లెల్లో ముప్పై నిండిన స్త్రీ అంటే ఎవరు? ఆ వరుసలో ఉన్నవారంతా దాదాపు తల్లులే. నా ప్రక్క సీటులో కూర్చున్న సహోదరి రెండు నెలల సెలవు ముగించుకుని తిరిగి వెళ్తోంది. ఐదు గంటల ప్రయాణంలో ఆమె భోజనం మూత కూడా తీయలేదు. దిగేముందు మాత్రం, "పాస్టరు గారాండి? వచ్చేటప్పుడు మా బాబు నిద్రలో ఉన్నాడండి, లేపలేదు. అది తప్పాండి?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

కువైట్‌లో నది లేదు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి ఈ ఒక్క సంగతి చాలు, ఎంత దూరం వచ్చాడో తెలియడానికి. పూర్వం ఇరాక్ వైపునున్న షత్ అల్ అరబ్ నది నుండి పడవల మీద మంచినీళ్లు తెచ్చుకునేవారట. 1953 నుండి సముద్రపు నీటినే మరిగించి ఉప్పు తీసి త్రాగుతున్నారు. సముద్రపు ఒడ్డున అందరూ ఫోటోలు దిగే ఎత్తైన కువైట్ టవర్లు కూడా నీళ్ల ట్యాంకులే. 1979లో ప్రజలకు తెరిచారు, పెద్దది 187 మీటర్లు. నేను వెళ్లింది చలికాలం చివర గనుక ఎండ బాధ లేదు. 2016 జూలైలో ఆ దేశపు ఎడారిలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. జనాభాలో మూడింట రెండు వంతుల మంది పరదేశులే. భారతీయులు సుమారు పది లక్షల మంది.

ఆరాధనలు జరిగేది పట్టణంలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో. అమెరికా రిఫార్మ్‌డ్ సంఘం పంపిన అరేబియా మిషను వారి పరిచర్య ఫలమది. 1912లోనే ఎలినార్ కాల్వెర్లీ అనే వైద్యురాలు భర్తతో కూడా అక్కడికి వచ్చి, ఆ ఊరి స్త్రీలకు వైద్యం చేసింది. మిషను ఆసుపత్రి 1967లో మూతపడింది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ కట్టడాలు తరువాత మ్యూజియంగా మారాయి. చర్చి మాత్రం చర్చిగానే ఉంది. 1999లో ఇమ్మానుయేల్ ఘరీబ్ అనే కువైట్ దేశస్థుడే ఆ సంఘానికి కాపరిగా అభిషేకం పొందారు. ఆయన ఇంటిపేరు విని నేను ఆగిపోయాను. బీదవాణ్ణి మనం గరీబు అంటాము. ఆ మాట పుట్టిన అరబ్బీలో దాని అర్థం పరదేశి అని అక్కడి సహోదరులు చెప్పారు. అది ఇంతదూరం ప్రయాణం చేసేసరికి పరదేశి కాస్తా బీదవాడైపోయాడన్నమాట. మనవాళ్ల విషయంలో మాత్రం బీదవాడే పరదేశి అయ్యాడు.

ఆ ఆవరణలో శుక్రవారం నాడు తెలుగు, తమిళం, మలయాళం, అరబ్బీ, ఇంకా ఎన్నో భాషల వారు గదుల వారీగా, గంటల వారీగా ఆరాధించుకుంటారు. ఒక గుంపు బయటికి వస్తుంటే మరొక గుంపు వాకిట్లో చెప్పులు చూసుకుంటూ నిలబడి ఉంటుంది. మాకు ఇచ్చిన సమయం పదకొండున్నర నుండి ఒంటిగంటన్నర వరకు. మొదటి శుక్రవారం నేను ప్రసంగం కొంచెం పొడిగించాను. ఒకటీ ఇరవై ఐదు అయ్యేసరికి సభలో కదలిక మొదలైంది. తరువాతి గుంపు కోసం కాబోలనుకున్నాను. ఆశీర్వాదం చెప్పగానే అందరూ బయటికి పరుగెత్తారు. ఐదు నిమిషాల తరువాత నేను వెళ్లి చూస్తే గోడ పొడుగునా, చెట్టు క్రింద, మెట్ల మీద, ఎవరికి వారు ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుని నిలబడి ఉన్నారు. నూటయాభై మంది ఉంటారు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. "అన్నం తిన్నావా?" అన్న మాట ఎన్ని గొంతుల్లో విన్నానో.

ఆ లెక్క ఒక సహోదరుడు చెప్తే గాని నాకు తెలియలేదు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఇంట్లో పని చేసే మనిషికి రాత్రి పదకొండుకు చెయ్యి ఖాళీ అయితే, ఇక్కడ ఒంటిగంటన్నర, పిల్లలు నిద్రపోతుంటారు. తెల్లవారి ఐదింటికి ఆమె లేచేసరికి ఇక్కడ ఏడున్నర. పిల్లలు బడికి పరుగుతీస్తుంటారు. ఆమెకు సెలవు దొరికితే శుక్రవారం దొరుకుతుంది. మన బడికి సెలవు ఆదివారం. కాబట్టి వారం మొత్తానికి తల్లీబిడ్డలు ఇద్దరికీ తీరికయ్యే ఘడియ ఒక్కటే: అక్కడ శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఇక్కడ సాయంత్రం నాలుగు. బడి బస్సు దిగే వేళ. ఆ ఘడియను నేను ఏడు నిమిషాలు నా ప్రసంగంలోకి లాక్కున్నాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మన సేవకులలో కొందరికి గల్ఫ్ యాత్ర అంటే కానుకల యాత్రే. అక్కడివారు నవ్వుతూనే చెప్పారు: వచ్చిన ప్రతి దైవజనుడు ఆశీర్వాదాల మీదే మాట్లాడతాడట, ఆఖరున మందిరం ఫోటో చూపిస్తాడట. నా సంచిలోనూ మా మందిరం ప్రహరీ గోడకు సంబంధించిన కాగితం ఒకటి ఉంది. దానిని బయటికి తీయలేదు.

ఆ వారంలో జరిగిన ఒక గృహ కూటంలో యోసేపు గురించి ధ్యానించాము. ఐగుప్తులో అతనికి అంతా సమకూరింది. పెద్ద కొడుకు పుట్టినప్పుడు, తన తండ్రి ఇంటిని మరచిపోయేలా దేవుడు చేశాడని చెప్పి, మరపు అనే అర్థం వచ్చేలా మనష్షే అని పేరు పెట్టాడు. ఆదికాండం నలభై ఒకటవ అధ్యాయంలో ఉంది. దేవుడు గాయాలను మాన్పుతాడని నేను చెప్పుకుపోతున్నాను. వంటపని చేసే ఒక పెద్దావిడ, 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు జోర్డాను వరకు బస్సుల్లో వెళ్లి, అమ్మాను నుండి విమానంలో ఇంటికి చేరిన లక్షా డెబ్భై వేల మంది భారతీయులలో ఒకరామె, మరల రెండేళ్లకే తిరిగి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది, మెల్లగా అన్నది: "అయ్యగారండి, పిల్లోడికి మరపు అని పేరెట్టుకున్నాడంటే, రోజుకి ఎన్నిసార్లు పిలిచేవోడో గదండి. పిలిచినప్పుడల్లా గుర్తొచ్చేది గదండి." బైబిలు కళాశాలలో మూడేళ్లు చదువుకున్నాను. ఈ సంగతి ఏ వ్యాఖ్యానంలోనూ నాకు కనబడలేదు. ఆ తరువాత ఇక నేను ప్రసంగించలేదు, ప్రార్థన చేసి ముగించాను.

జలీబ్ ప్రాంతంలో డ్రైవర్లుండే గదికి ఒక రాత్రి భోజనానికి పిలిచారు. ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి, ఎనిమిది మంది. చందువా పులుసు వండారు. అక్కడ ఆ చేపను జుబైదీ అంటారు. వడ్డిస్తున్నవాడు మా ఊరివాడే, మా సంఘపు కుర్రవాడు. వడ్డిస్తూనే అడిగాడు.

"మా నాన్న సమాధి దగ్గర మీరొక మాటన్నారు, గుర్తుందాండి?"

2022 ఆగస్టు. వాన కురిసి గుంట చుట్టూ బురదగా ఉంది. ఎవరో కుర్రవాడు ఫోను ఎత్తి పట్టుకుని పెట్టె మీదికి వంగుతుంటే నాకు కోపం వచ్చింది. "ఇదేమైనా పెళ్లా? ఆ ఫోను దించు బాబూ" అన్నాను. వాడు దించేశాడు. నాకు అంతవరకే గుర్తుంది.

"ఆ ఫోనులో నేనున్నానండి" అన్నాడు. "అకామా మార్పులో పడి రావడానికి కుదర్లేదు. తమ్ముడు ఫోను దించాక బురద, చెప్పులు కనబడ్డాయండి. మీ ప్రార్థన వినబడింది. మట్టి వేసేది మాత్రం చూడలేదు."

అకామా అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి. అది సరిగా లేనివాడు దేశం దాటితే మళ్లీ అడుగు పెట్టలేడు. వాడి గొంతులో నిష్ఠూరం లేదు. అదే నాకు కష్టమైంది. నన్ను క్షమించమని అడిగాను. "అయ్యో, అంత మాటెందుకండి" అని చేప తల తీసి నా కంచంలో వేశాడు.

ముసలి తల్లి చూసి రమ్మన్న కూతురు మొదటి శుక్రవారం రాలేదు. రెండవ శుక్రవారం వచ్చింది, రెండు గంటలు అడిగి వచ్చింది. వారానికొక రోజు సెలవు ఇవ్వాలని, రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించరాదని ఆ దేశంలో 2015లోనే చట్టం చేశారు. కాని చట్టం వీధి గుమ్మం దాకా వస్తుంది, వంటగది దాకా రావడం కష్టం. ఆ ఇంటివారు చెడ్డవారు కారట. ఆ మాట ఆమె మూడుసార్లు చెప్పింది. నెలకు నూట ఇరవై దినార్లు. అప్పట్లో దినారు మన 280 రూపాయలు. ఆ ఇంటి చిన్నపిల్లవాడు ఈమె ప్రక్కన పడుకుంటే గాని నిద్రపోడట. అతనికి జ్వరం వస్తే "మామా" కంటే ముందు ఈమెనే పిలుస్తాడట. అక్కడ యజమానురాలిని మామా అని, యజమానుని బాబా అని పిలుస్తారు. పరాయి మనుషులను మామా, బాబా అని పిలుచుకుంటూ, సొంత కూతురి చేత ఫోనులో అమ్మా అనిపించుకుంటోంది. కూతురికి నాలుగేళ్లప్పుడు వచ్చింది, ఇప్పుడు పదో తరగతి. మధ్యలో మూడుసార్లు వెళ్లింది. ఆ పిల్ల గీసిన బొమ్మ ఇచ్చాను. పడవ, కొబ్బరి చెట్లు, ఒక మేడ ఇల్లు. చాలాసేపు చూసి, మడత పడకుండా హాండ్‌బ్యాగులో నిలువుగా పెట్టుకుంది.

"ఏది ఎక్కువ గుర్తొస్తుందమ్మా?" అని అడిగాను. పిల్ల అంటుందనుకున్నాను.

"వానపడితే తాటాకు మీద చప్పుడండి" అన్నది.

తాటాకు ఇల్లు 2019లో తీసేశారు. ఆమె పంపిన డబ్బుతోనే స్లాబు ఇల్లు లేచింది. నేనే ప్రార్థన చేసి గృహప్రవేశం చేయించాను. "పాతిల్లు పడగొట్టిన్రోజు వీడియోలో చూపించారండి. అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వానండి" అన్నది. కొంచెం ఆగి, "నా పెళ్లికి మా అమ్మ రేకు పెట్టె ఇచ్చిందండి. ఆ కొత్తింట్లో నా పెట్టె ఎక్కడ పెట్టారో చూసి చెప్తారా? అడిగితే ఉందిలే అంటారు" అన్నది.

ఇంటి మీద బెంగపడేవారు చాలామంది. ఇంట్లో తనకు చోటు మిగిలిందా లేదా అని బెంగపడే మనిషిని నేను మొదటిసారి చూశాను. మా సండేస్కూలులో పిల్లలకు 1836లో ఇంగ్లండు నుండి ఓడలో వచ్చి నరసాపురం ప్రాంతంలో సువార్త చెప్పిన బౌడెను, బీర్ దొరల కథ చెప్తాము. ఇల్లు విడిచి వచ్చారు, త్యాగం చేశారు అంటాము, నిజమే. మన ఆడబిడ్డ ఇల్లు విడిచి వెళ్తే త్యాగమన్న మాట ఎవరి నోటా రాదు. "కువైట్ వెళ్లింది, బాగా సంపాదిస్తోంది" అంటాము.

ఆమె లావు కాలేదు. ముఖం ఉబ్బింది. పాదాలు చెప్పులలో పట్టడం లేదు. సహవాసంలో నర్సుగా పనిచేసే ఒక సహోదరి అక్కడే మిషను పెట్టి బి.పి. చూసింది. పైది నూట ఎనభై. ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదమ్మా అంటే, "వెళ్తే తెలిసిపోద్ది గదండి. తెలిస్తే పంపేస్తారు. ఇంకా లక్షా అరవై వేలు అప్పుందండి" అన్నది. అమ్మకు మాత్రం చెప్పవద్దన్నది. మరునాడు ఆ నర్సు సహోదరి ఆమె యజమానురాలితో ఫోనులో మాట్లాడి డాక్టరుకు చూపించింది. మాత్రలు మొదలుపెట్టారు. ఎవరూ పంపివేయలేదు. రంజాను రెండు వారాలలో మొదలవుతుందనగా నేను బయలుదేరాను. ఆ నెల రోజులు వంటగదిలో రాత్రిళ్లు కూడా పగళ్లే.

తిరిగి వచ్చిన మరునాడు ఆ ఇంటికి వెళ్లాను. ముసలి తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. "లావయ్యిందాండి?" అన్నది. అబద్ధం చెప్పలేదు. "లావు కాదమ్మా, నీరు పట్టింది. మందులు వాడుతోంది" అన్నాను. ఆమె తల ఊపింది. "ఫోను అలా చూపించట్లేదన్నమాట" అని మాత్రం అన్నది.

పెట్టె ఎక్కడని అల్లుణ్ణి అడిగాను. అతను చెరువుల మీద రొయ్యల మేత వేసే పనికి వెళ్తాడు. చెడ్డవాడు కాడు, త్రాగడు. ముందు గది, వెనుక గది చూపించాడు. ఆఖరుకు మేడమెట్ల క్రింద, కొబ్బరి డొక్కల బస్తాల వెనుక కనబడింది. మూత మీద తుప్పు. పదో తరగతి పిల్ల అప్పుడే బడి నుండి వచ్చి మా వెనుక నిలబడింది. అతను ఏమీ మాట్లాడకుండా బస్తాలు ప్రక్కకు లాగి ఒక కొస పట్టుకున్నాడు, నేను ఒక కొస పట్టుకున్నాను. పడక గదిలో కిటికీ క్రింద పెట్టాము. పిల్ల తడిగుడ్డ తెచ్చి తుడిచింది. అప్పు సంగతి, బి.పి. సంగతి అప్పుడు మాట్లాడుకున్నాము. పై అంతస్తు ఇప్పట్లో వద్దన్నాడు. నేను కూడా మందిరానికి వెళ్లి, ప్రహరీ గోడకు కానుక అడగవలసిన వారి జాబితాలో మొదట ఉన్న ఆమె పేరు కొట్టేశాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం డ్రైవరు కుర్రవాని తమ్మునితో సమాధుల తోటకు వెళ్లాను. నాలుగింటికి ఫోను కలిసింది. ఈసారి ఫోను నేనే పట్టుకున్నాను. తమ్ముడు గుప్పెడు మట్టి తీసి అన్న పేరు చెప్పి సమాధి మీద వేశాడు. నేను ప్రార్థన చేస్తుంటే అవతల నుండి ఎనిమిది మంది ఆమెన్ అన్నారు. "ఆ ప్రక్కన ఉన్నది మామిడి చెట్టాండి? ఎప్పుడు నాటారు?" అని అడిగాడు. చెట్టు చుట్టూ తిప్పి చూపించాను.

అక్కడినుండి ఆ చెల్లెలి ఇంటికి వెళ్లేసరికి నాలుగున్నర దాటింది. ఆమె ఆ వేళ బయటికి రాలేదు, వంటగదిలో నుండే మాట్లాడింది. పిల్ల ఫోను తీసుకెళ్లి పెట్టె చూపించింది. మూత తెరవమన్నది. లోపల పెళ్లి చీర, ఒక పాటల పుస్తకం, పిల్ల పొత్తిళ్ల గుడ్డలు. "మూసెయ్, మళ్లీ చెమ్మ తగులుద్ది" అన్నది. ఎప్పుడొస్తావని భర్త అడిగాడు. ఆ ఇంట్లో ఆ మాట అడగగా నేను వినడం అదే మొదటిసారి. వేసవి వెళ్లేలోపు చూస్తానన్నది. ఇది రాసే నాటికి టిక్కెట్టు ఇంకా తీయలేదు.